పాత ఫోర్డ్ ఎఫ్-150 ముందు యాక్సిల్ ఏ రకమో ఎలా గుర్తుపట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. డాలస్ బయట కొన్న పొలానికి గడ్డి, కంచె సామాను తోలడానికి 1989 ఫోర్డ్ ఎఫ్-150 ఫోర్‌వీల్ డ్రైవ్ తీసుకున్నారు. అమ్మినాయన ముందు సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే ముక్క ఇరుసు, ఉందన్నాడు. ఇప్పుడు ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగిపోతున్నాయి. చక్రాల వాలు, దిశ సరిచేసే అలైన్‌మెంట్ షాపు వాళ్లేమో దీనికి ఏమీ చేయలేమన్నారు. అసలు కింద ఉన్నది ఏ యాక్సిలో తెలుసుకోవడం ఎలా?

నా దగ్గర ఉన్నది 1990 ఎఫ్-150 ఫోర్‌వీల్ డ్రైవ్. దాని ముందు భాగం నేనే విప్పి బిగించుకున్నాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంటే మీ బండికి ఉన్నది సాలిడ్ యాక్సిల్ కాదు, ఒక్కో చక్రానికి వేరే దూలం ఉండే ట్విన్ ట్రాక్షన్ బీమ్. అందరూ టీటీబీ అంటారు. 1980 మోడల్ నుంచి 1996 దాకా ఫోర్‌వీల్ డ్రైవ్ ఎఫ్-150లకు ఫోర్డ్ పెట్టింది ఇదే. మీరు చెప్పిన టైర్ల అరుగుదల కూడా దీనికే సరిపోతుంది. అయితే ఇంత పాత బండికి మధ్యలో ఎవరైనా యాక్సిల్ మార్చి ఉండొచ్చు కాబట్టి కిందికి వంగి చూసే తేల్చుకోవాలి.

ముందు కాగితం పని చూసుకోండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది. 1981 నుంచి విన్ నంబరుకు, అంటే బండి గుర్తింపు నంబరుకు, 17 అంకెలు, అక్షరాలు ఉంటాయి. అందులో 6, 7 స్థానాల్లో 14 ఉంటే ఎఫ్-150 ఫోర్‌వీల్ డ్రైవ్, 15 ఉంటే టూవీల్ డ్రైవ్. ఎఫ్-250కి అవే స్థానాల్లో 26 ఫోర్‌వీల్, 25 టూవీల్. పక్కన అంటించిన 4 బై 4 స్టిక్కర్ కంటే ఈ నంబరునే నమ్మండి, స్టిక్కర్ ఎవరైనా అంటించుకోవచ్చు. కాకపోతే విన్ చెప్పేది బండి పుట్టినప్పుడు ఏమిటన్నదే. ఇప్పుడు ఏముందో బండి కింద చూస్తేనే తెలుస్తుంది.

చాలామంది పొరపడేది స్ప్రింగ్ చూసి యాక్సిల్ ఏదో చెప్పేయడంలో. మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి కళ్లకు అలవాటైన బండి మహీంద్రా జీపు. ముందూ వెనకా కమాను కట్టలే, మధ్యలో అడ్డంగా ఒకే యాక్సిల్. అందుకే కట్టలుంటే సాలిడ్ అని, కాయిల్ స్ప్రింగ్ ఉంటే ఇండిపెండెంట్ (రెండు చక్రాలూ వేటికవే కదిలేది) అని మనసులో పడిపోతుంది. ఫోర్డ్ పికప్‌ల దగ్గర ఈ లెక్క రెండు వైపులా తప్పుతుంది. 1980 నుంచి 1996 దాకా ఎఫ్-250 ఫోర్‌వీల్ డ్రైవ్‌కు కట్టలున్నా వాటి కింద ఉన్నది టీటీబీయే. అంతకు ముందు 1978, 1979 ఎఫ్-150 ఫోర్‌వీల్ డ్రైవ్‌కు, ఆ ఏళ్ల ఫోర్డ్ బ్రాంకోకు కాయిల్ స్ప్రింగ్ ఉన్నా యాక్సిల్ మాత్రం డానా కంపెనీ చేసిన సాలిడ్ డానా 44. డాడ్జ్ రామ్ 1500 ఫోర్‌వీల్ కూడా 1994 నుంచి 2001 దాకా అంతే, పైన కాయిల్, కింద సాలిడ్. మీ బండికి కాయిల్ ఉందని ఒకరు ఇండిపెండెంట్ అంటారు, ఇంకొకరు కాదంటారు. ఆ వాదనలోకి మీరు దిగొద్దు. చూడాల్సింది స్ప్రింగ్‌ను కాదు, ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి వెళ్లే ఇనుమును.

బండిని చదునైన సిమెంటు నేల మీద ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. ఎఫ్-150 ఎత్తు సరిపోతుంది, చూడటానికి జాకీ అక్కర్లేదు. టార్చి పట్టుకుని ముందు బంపర్ కింద నుంచి వెనక్కి చూడండి. డ్రైవర్ వైపు, అంటే ఎడమ వైపు, డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే పళ్ల చక్రాల పెట్టె) ఉబ్బు కనిపిస్తుంది. సాలిడ్ డానా 44 అయితే ఆ ఉబ్బు ముఖాన గుండ్రటి మూత, దాని చుట్టూ 10 బోల్టులు ఉంటాయి. అక్కడి నుంచి కుడి చక్రం దాకా ఎక్కడా తెగకుండా ఒక గొట్టం వెళ్తుంది. టీటీబీకి ఆ మూత ఉండదు. డిఫరెన్షియల్‌ను వెనక నుంచి బీమ్‌కు బిగిస్తారు, బీమే మూత పని చేస్తుంది. అందువల్ల ముందు నుంచి చూస్తే బోల్టుల వరస లేని నున్నటి పోత ఇనుము ముఖం కనిపిస్తుంది. మట్టి, గ్రీజు పేరుకుని ఉంటే గుడ్డతో తుడిచి చూడండి. ఈ ఒక్క గుర్తుతోనే సగం తేలిపోతుంది.

మిగతా సగం బీమ్‌లు ఎక్కడ వేలాడుతున్నాయో చూస్తే తేలుతుంది. టీటీబీలో ఎడమ చక్రాన్ని పట్టుకున్న బీమ్ బండి మధ్యను దాటి కుడి పక్కన క్రాస్‌మెంబర్‌కు, అంటే ఛాసిస్ అడ్డ దూలానికి, బోల్టు మీద వేలాడుతుంది. కుడి చక్రం బీమ్ అలాగే ఎడమ పక్కకు వస్తుంది. రెండూ తలుపు బందుల్లా వేటికవే పైకీ కిందికీ ఊగుతాయి. కుడి చక్రానికి వెళ్లే షాఫ్టును డిఫరెన్షియల్ దగ్గర గమనిస్తే, గొట్టంలో దాగకుండా బయటికే కనిపిస్తూ, మధ్యలో షాఫ్టు వంగినా తిరిగేలా చేసే ఒక క్రాస్ జాయింట్ ఉంటుంది. చక్రాల దగ్గరున్న రెండూ కలిపితే మొత్తం మూడు. సాలిడ్ యాక్సిల్‌కు చక్రాల దగ్గరివి రెండే, మధ్యలో ఉండదు.

ఇంకా అనుమానం ఉంటే ఒక ముందు చక్రాన్ని గట్టి చెక్క దిమ్మ మీదికి మెల్లగా ఎక్కించి, ఇంజిన్ ఆపి, ముందు నిలబడి చూడండి. సాలిడ్ అయితే రెండు చక్రాలూ ఒకే వైపు వాలతాయి, మధ్యలో ఉన్నది ఒకే ముక్క కదా. టీటీబీ అయితే ఎక్కిన చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, రెండోది దాదాపు ఉన్నట్టే ఉంటుంది.

డిఫరెన్షియలే లేకుండా రెండు బీమ్‌లు మాత్రం అడ్డంగా దాటుకుని కనిపిస్తే అది టూవీల్ డ్రైవ్ ట్విన్ ఐ-బీమ్. 1965 నుంచి ఫోర్డ్ వాడిన పద్ధతి. టీటీబీ పుట్టింది దాని నుంచే. 1997లో కొత్త ఎఫ్-150 వచ్చాక రెండూ పోయి, పైనా కిందా చేతులుండే సస్పెన్షన్ వచ్చింది, ఫోర్‌వీల్ డ్రైవ్‌కు స్ప్రింగ్‌లా మెలితిరిగే కడ్డీలు, అంటే టార్షన్ బార్లు, పెట్టారు.  

మరి ప్రకటనలో సాలిడ్ అని ఎందుకు రాస్తారంటే, దానికి గిరాకీ ఎక్కువ. ముఖ్యంగా 1986 నుంచి 1997 దాకా ఎఫ్-350 ఫోర్‌వీల్ డ్రైవ్‌కు వచ్చిన డానా 60 సాలిడ్ యాక్సిల్ కోసం పాత బండ్ల వాళ్లు వెతుకుతూ ఉంటారు. మీ బండికి ఎవరైనా అది ఎక్కించి ఉంటే చక్రానికి 8 నట్లు ఉంటాయి. మామూలు ఎఫ్-150కి 5. చూడగానే తెలిసిపోతుంది.

ఇక టైర్ల సంగతి. మీది టీటీబీ అని తేలితే దాన్ని పీకేసి సాలిడ్ వేయించమనే వాళ్లు ఎదురవుతారు. పొలం పనికి అంత ఖర్చు దండగ అని నా గట్టి అభిప్రాయం. టీటీబీ గట్టి సరుకు, గతుకుల్లో సుఖంగా కూడా ఉంటుంది. దాని స్వభావం ఒక్కటి తెలిస్తే చాలు: బండి ముందు భాగం ఎత్తు మారితే చక్రాల వాలు మారిపోతుంది. ఏళ్ల తరబడి బరువు మోసి కాయిల్ స్ప్రింగులు కుంగితే చక్రాల పైభాగం లోపలికి వాలి లోపలి అంచు అరుగుతుంది. స్పేసర్లు వేసి లేపితే అదే తిరగబడి బయటి అంచు అరుగుతుంది. మీ టైర్లు రెండూ లోపలే అరుగుతున్నాయంటే నేను మొదట స్ప్రింగుల్నే అనుమానిస్తాను. ఆ తర్వాత బీమ్‌లు వేలాడే బోల్టుల బుష్‌లు (రబ్బరు తొడుగులు), బీమ్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్ వెనక చివర ఛాసిస్ దగ్గరున్న బుష్‌లు, బాల్ జాయింట్లు. బ్రేక్ వేసినప్పుడు ముందు నుంచి టక్కుమని చప్పుడు వస్తోందా? వస్తుంటే రేడియస్ ఆర్మ్ బుష్‌లు ముందు చూడండి.

పని కూడా ఇదే వరసలో చేయించండి. అరిగిన బుష్‌లు, కుంగిన స్ప్రింగులు మార్చాకే అలైన్‌మెంట్. మీ బండికి వాలు సరిచేసేది పై బాల్ జాయింట్ దగ్గరుండే క్యాంబర్ బుష్‌తో. ఒక్కో బుష్ ఇన్ని డిగ్రీలని తయారై వస్తుంది. కొలిచి, కావలసిన డిగ్రీల బుష్ తెప్పించి, పాతది తీసి ఇది వేయాలి. నట్టు తిప్పితే సరిపోయే కార్లు చేసే షాపులకు ఇది తలనొప్పి పని, అందుకే కుదరదనేస్తారు. పాత ఫోర్డ్ ట్రక్కులు చేసే షాపుకు ఫోన్ చేసి, టీటీబీకి క్యాంబర్ బుష్‌లు మారుస్తారా అని నేరుగా అడగండి. అవునని వెంటనే చెప్పినవాళ్ల దగ్గరికి వెళ్లండి.

ఇంకో మాట. జాకీ నుంచి దించిన వెంటనే కొలవనివ్వొద్దు. దించగానే ఈ బీమ్‌లు తమ చోటికి రావు, చక్రాల అడుగులు లోపలికి ముడుచుకునే ఉంటాయి. బండిని కొంత దూరం ముందుకీ వెనక్కీ నడిపి, ముందు భాగం కుదురుకున్నాకే మెషీన్ పెట్టాలి. పొలానికి రోజూ ఏదో ఒక బరువు వేసుకునే వెళ్తుంటే ఆ బరువు బండిలో ఉంచే కొలిపించండి. కొత్త టైర్లు మాత్రం ఇదంతా అయ్యాక ఆ రోజే వేయించుకోండి. ఇప్పుడే వేయిస్తే అవి కూడా లోపలి అంచు అరగడం మొదలుపెడతాయి.