సిజేరియన్ అయితే బిడ్డ ప్రాణానికి భరోసా ఎక్కువా?

మీ చెల్లెలికి 37వ వారం నడుస్తోందని, ఏ ఇబ్బందీ లేకపోయినా ఇంట్లోవాళ్లు ముహూర్తం పెట్టించి ఆపరేషన్ చేయిద్దామంటున్నారని, నార్మల్ కాన్పు కంటే బిడ్డకు అదే క్షేమమన్న మాట నిజమేనా అని అడిగారు. నిజం కాదు. నల్లగొండలో నవజాత శిశువుల వార్డులో చాలాకాలం నర్సుగా పనిచేశాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పగలను.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవం ఉంటుంది. నొప్పులు మొదలైనప్పుడు విడుదలయ్యే హార్మోన్ల వల్ల అది వేగంగా ఇంకిపోతుంది. నొప్పులు రాకుండానే, అదీ 39 వారాలు నిండకముందే తీస్తే, ఆ ద్రవం మిగిలిపోయి బిడ్డకు ఆయాసం వచ్చే అవకాశం పెరుగుతుంది. మంచి ఘడియ దాటిపోతుందని ముందే తీయించిన ఒక పాపను ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి మా వార్డుకు తెచ్చారు. బరువు బాగానే ఉంది, కానీ ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి, సన్నగా మూలుగుతోంది. సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయపడే యంత్రం) పెట్టాక కోలుకుంది. అప్పటిదాకా తల్లి కుట్ల నొప్పితో అక్కడ, బిడ్డ ఇక్కడ.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, కేరళలో 38.9 శాతం. అయినా నెలలోపు శిశు మరణాలు ప్రతి వెయ్యి జననాలకు మన దగ్గర 16.8 ఉంటే, అక్కడ 3.4 మాత్రమే. ఆపరేషన్లు పెరిగినంత మాత్రాన పసిప్రాణాలు నిలవవని దీన్నిబట్టే తెలుస్తుంది. సిజేరియన్ రేటు 10 శాతం దాటాక మరణాలు తగ్గుతున్నట్టు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అలాగని, సిజేరియన్‌లో పుట్టిన పిల్లల్లో మరణాలు ఎక్కువని ఎవరైనా లెక్కలు చూపిస్తే బెదిరిపోకండి. కష్టంలో ఉన్న బిడ్డలకే ఆపరేషన్ తప్పనిసరవుతుంది కాబట్టి ఆ రెండు వర్గాలనూ నేరుగా పోల్చలేం.

అవసరమైన చోట ఆపరేషనే ప్రాణదాత. నా రెండో కాన్పులో నొప్పుల మధ్య బాబు గుండె వేగం పడిపోయి మళ్లీ తేరుకోలేదు. వెంటనే ఆపరేషన్ చేయబట్టే వాడు నాకు దక్కాడు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ గర్భసంచి ముఖద్వారాన్ని కప్పేసినా, బొడ్డుతాడు ముందుగా జారినా నార్మల్ కోసం పట్టుబట్టకూడదు.

కాబట్టి ఆపరేషన్‌కు వైద్యపరమైన కారణం ఏమిటో డాక్టరమ్మను అడిగి తెలుసుకోండి. కారణం ఉండి, తొందర లేకపోతే 39 వారాలు నిండేదాకా ఆగవచ్చేమో అడగండి. కాన్పు సమయానికి పిల్లల డాక్టరు అక్కడ ఉంటారో లేదో కనుక్కోండి. ఈలోగా బిడ్డ కదలికలు తగ్గినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, అర్ధరాత్రి అయినా సరే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.