క్వాంటమ్‌కు పని దొరికిందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో క్వాంటమ్ కంప్యూటర్ల మీదే ఎక్కువ ఉన్నాయి. అమరావతికి ప్రకటించిన క్వాంటమ్ కంప్యూటర్ పుణ్యం కావచ్చు. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాను.

గూగుల్ కంప్యూటర్ 10 వేల ఏళ్ల లెక్కను 200 సెకన్లలో చేసేసిందని 2019లో పేపర్లో చదివాను. అంత మొనగాడు ఇన్నేళ్లుగా ఏం చేస్తున్నట్టు మాస్టారూ?
*రిటైర్డ్ టీచర్, తెనాలి*

మీ వెటకారం న్యాయమైనదే. అసలు ఆ లెక్క ఏమిటో పేపర్లు సరిగా రాయలేదు, ముందు అది చెప్తాను. ఆ చిప్ పేరు సికమోర్. క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని పట్టి ఉంచే బుల్లి భాగాన్ని క్యూబిట్ అంటారు. ఆ చిప్‌లోని 54 క్యూబిట్లలో ఒకటి పనిచేయకపోతే 53తోనే కానిచ్చారు. వాటి మీద లాటరీ తీసినట్టు ఎంచిన గేట్లను, అంటే క్యూబిట్ల స్థితిని మార్చే చిన్న చిన్న చర్యలను, 20 విడతలు నడిపి, చివర్లో కొలిచారు. ఫలితంగా వచ్చేది 53 అంకెల వరుస, అన్నీ సున్నాలూ ఒకట్లే. మళ్లీ నడిపితే ఇంకో వరుస. అలా పది లక్షల వరుసలు 200 సెకన్లలో తీశారు. క్వాంటమ్ సూత్రాల ప్రకారం కొన్ని వరుసలు మిగతావాటికన్నా ఎక్కువసార్లు రావాలి. ఆ మొగ్గు ఉందా లేదా అన్నదే పరీక్ష. ఉంది, 0.2 శాతం మేరకు. మిగతాదంతా రొద. ఆ వరుసలు ఎవరికీ అక్కర్లేదు, గూగుల్‌కు కూడా. మామూలు కంప్యూటర్‌కు కొరుకుడు పడకూడదని ఏరికోరి పెట్టుకున్న లెక్క అది.

ఇక ఆ 10 వేల ఏళ్లు. ఆ మాటన్నదీ గూగుల్ వాళ్లే. సమ్మిట్ అనే సూపర్‌కంప్యూటర్ మీద, తమకు తెలిసిన పద్ధతితో వేసిన అంచనా. వాళ్ల వ్యాసం ‘నేచర్’లో రావడానికి రెండు రోజుల ముందే, సమ్మిట్‌ను తయారుచేసిన ఐబీఎం లేచింది. హార్డ్ డిస్కులు కూడా వాడుకుంటే రెండున్నర రోజులు చాలంది. 2022 నాటికి చైనా అకాడమీ ఆఫ్ సైన్సెస్ పరిశోధకులు 512 జీపీయూలతో (ఏఐ, గ్రాఫిక్స్ పనులకు వాడే మామూలు చిప్‌లు) సుమారు 15 గంటల్లో ఆ పని ముగించి చూపించారు. సికమోర్ చిప్ మారలేదు, ఎదుటివాళ్ల తెలివి పెరిగింది.

తర్వాత వంతు ఐబీఎంది. 2023 జూన్‌లో 127 క్యూబిట్ల ఈగల్ చిప్‌తో ఒక అయస్కాంత నమూనాను లెక్కించి, ఇదిగో ఉపయోగం మొదలైందన్నారు. కొద్ది వారాల్లోనే న్యూయార్క్ పరిశోధకులు అదే లెక్కను ల్యాప్‌టాప్ స్థాయి యంత్రంతో, ఇంకా కచ్చితంగా చేసి పెట్టారు. గూగుల్‌ను ఎత్తిపొడిచినవాళ్లకే ఆ గతి పట్టింది, పాపం.

2025 అక్టోబరులో గూగుల్ విల్లో చిప్‌తో చేసిన పని మీద మాత్రం నాకు కొంచెం గౌరవం ఉంది. ఫ్రాంటియర్ సూపర్‌కంప్యూటర్ కన్నా 13,000 రెట్లు వేగం అన్నది దాని ప్రకటన. నాకు నచ్చింది ఆ రెట్లు కాదు. ఈసారి జవాబుగా వచ్చింది సున్నాలు ఒకట్ల కుప్ప కాదు, ఒక సంఖ్య. ఇంకో క్వాంటమ్ కంప్యూటర్ మీద నడిపి సరిచూడొచ్చు. అదే పద్ధతిని 15 పరమాణువులున్న మాలిక్యూల్ మీద, 28 పరమాణువులున్న ఇంకోదాని మీద కూడా ప్రయోగించారు. అయితే ఆ చిన్న మాలిక్యూల్స్ లెక్క మామూలు కంప్యూటర్లకూ అందేదే. అంటే మీ మొనగాడు ఇంటర్వ్యూ దాకా వచ్చాడు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇంకా చేతికి రాలేదు.

ఇన్ని రెట్లు వేగం అని ఎవరు చెప్పినా నేను అడిగేవి రెండే. పోటీకి నిలబెట్టిన మామూలు పద్ధతిని రాసిందెవరు? వచ్చిన జవాబు సరైనదేనని ఎలా తేల్చారు? మొదటిదానికి ‘మేమే’ అని జవాబొస్తే ఒక ఏడాది ఆగి చూస్తాను.

అమరావతికి వచ్చే క్వాంటమ్ కంప్యూటర్‌తో యూరియా ఖర్చు తగ్గుతుందని ఒక మీటింగులో చెప్పారు. ఏ మాత్రం నిజం?
*రైతు, వినుకొండ*

చెప్పినాయన పూర్తిగా గాలి మాట చెప్పలేదు. కాకపోతే మధ్యలో చాలా దూరం మింగేశారు.

ఈసారి పెసర చేలో ఒక మొక్కను మెల్లగా పీకి వేళ్లు చూడండి. వాటి బుడిపెను గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. అలా ఉంటే బుడిపె పనిలో ఉన్నట్టు. అందులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని యూరియాకు మూలమైన అమ్మోనియాగా మారుస్తుంది, మన చేలో ఉండే వేడిలోనే. ఎరువుల ఫ్యాక్టరీ అదే పనికి 400 డిగ్రీలు దాటిన వేడి, వాతావరణ పీడనానికి వంద రెట్లకు పైగా ఒత్తిడి పెట్టాలి. బాక్టీరియా ఎంజైములో ఆ కిటుకంతా ఒక చిన్న గుత్తిలో ఉంది: ఏడు ఇనుము, తొమ్మిది గంధకం, ఒక మాలిబ్డినం, ఒక కార్బన్. ఇంతే. కానీ ఆ గుత్తిలో ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి ఎంతగా ముడిపడి ఉంటాయంటే, వాటి శక్తిని కావలసినంత కచ్చితంగా లెక్కగట్టడం మామూలు కంప్యూటర్లకు చాలా కష్టం. క్వాంటమ్ కంప్యూటర్‌కు నిజంగా తగిన పని ఇదీ.

మరి దానికెంత యంత్రం కావాలి? 2021లో గూగుల్ పరిశోధకులు తదితరులు వేసిన అంచనా ప్రకారం, వెయ్యిసార్లు పనిచేస్తే ఒక్క తప్పుకు మించి చేయని క్యూబిట్లు 40 లక్షలు ఉంటే, నాలుగు రోజుల లోపు. ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి రాష్ట్ర ప్రభుత్వం 2025 మేలో అమరావతికి ప్రకటించిన యంత్రంలోని హెరాన్ చిప్‌కు ఉన్నవి 156.

అన్ని లక్షలెందుకంటే, క్యూబిట్ అంత తొందరగా చెడిపోయే సరుకు ఇంకోటి లేదు. అందుకే చాలావాటిని కలిపి ఒక నమ్మకమైన క్యూబిట్‌గా వాడతారు. 2024లో విల్లో చిప్ మీద 101 క్యూబిట్లు పెట్టి అలాంటిది ఒక్కటి చేశారు. అదీ సమాచారాన్ని దాచి ఉంచడానికే, లెక్క చేయడానికి కాదు. అయినా అది పెద్ద విషయమే. గుంపును పెంచిన ప్రతిసారీ తప్పులు సగానికి పైగా తగ్గాయి. అంతకుముందు చాలాసార్లు గుంపు పెరిగితే తప్పులూ పెరిగేవి.

ఇదంతా కుదిరినా చేతికొచ్చేది లెక్కే. దాన్ని పట్టుకుని కెమిస్టులు కొత్త ఉత్ప్రేరకం కనిపెట్టాలి, ఎవరో ఫ్యాక్టరీ కట్టాలి. సొసైటీ ముందు క్యూలో చెప్పులు పెట్టే బాధ దీనివల్ల ఇప్పట్లో తీరదండీ. ఈలోగా పెసర, మినుము, జనుము మీ దగ్గరే ఉన్నాయి.

నేను బ్యాంకులో పనిచేస్తాను. క్వాంటమ్ వస్తే ఏటీఎం పిన్‌లన్నీ బయటపడతాయని కస్టమర్లు టెన్షన్ పడుతున్నారు. ఏం చెప్పమంటారు?
*బ్యాంకు ఉద్యోగిని, కరీంనగర్*

పిన్ సంగతి మరిచిపోండి. నాలుగు అంకెలకు 10 వేల అవకాశాలే. అది తేల్చడానికి క్వాంటమ్ ఎందుకు, వరసగా నొక్కుతూ పోతే చాలు. దాన్ని కాపాడేది గణితం కాదు, మూడుసార్లు తప్పు కొడితే కార్డు బ్లాక్ కావడం.

నిజంగా కదిలేది ఆన్‌లైన్ సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఆర్‌ఎస్‌ఏ లాంటి గణిత తాళాలు. పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం కష్టం అన్న భరోసా మీద అవి నిలబడ్డాయి. క్వాంటమ్ యంత్రానికి అది తేలికని 1994లోనే గణిత శాస్త్రవేత్త పీటర్ షోర్ చూపించారు. 2048 బిట్ల తాళానికి రెండు కోట్ల క్యూబిట్లు కావాలని 2019 అంచనా. 2025 మేలో గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ దాన్ని పది లక్షల లోపుకు దించారు, వారం రోజుల్లోపు పని. చూశారా, ఇక్కడ కూడా యంత్రం కన్నా ముందు పద్ధతే పరిగెత్తింది, ఈసారి క్వాంటమ్ వైపు నుంచి.

అందుకే తాళాలు మార్చే పని మొదలైంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో మూడు కొత్త ప్రమాణాలు విడుదల చేసింది. మీ ఫోన్లో క్రోమ్ ఇప్పటికే ఈ కోవ తాళాలు వాడుతోంది. మీ కస్టమర్లతో మాత్రం ఓటీపీ ఎవరికీ చెప్పొద్దనే చెప్పండి.

బి.టెక్ మూడో ఏడాది సార్. ‘క్వాంటమ్ వ్యాలీ జాబ్ గ్యారంటీ’ అని ఒక ఇన్‌స్టిట్యూట్ 40 వేలు అడుగుతోంది. చేరనా?
*విద్యార్థి, గుంటూరు*

వద్దు. నేర్చుకోవడానికి ఐబీఎం వాళ్ల క్వాంటమ్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ క్విస్కిట్ ఉచితం. అసలు యంత్రం మీద కూడా నెలకు కొద్ది నిమిషాలు ఉచితంగానే ఇస్తారు, నీకు ఇప్పటికి అది చాలు.

ఇంకో మాట. టెక్సస్‌లో ఈవిన్ టాంగ్ అనే విద్యార్థికి గురువు స్కాట్ ఆరన్సన్ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. సినిమాలు, సరుకులు సిఫారసు చేసే ఒక క్వాంటమ్ పద్ధతి ఉంది, అంత వేగం మామూలు కంప్యూటర్‌కు సాధ్యం కాదని నిరూపించమన్నారు. నిరూపణ ఎంతకూ కుదరలేదు. చివరికి 2018లో, 18 ఏళ్ల వయసులో, దాదాపు అంత వేగంగా నడిచే మామూలు పద్ధతినే టాంగ్ కనిపెట్టి ఇచ్చారు. అందులో వాడింది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. నీకు సెకండియర్లో పాసైతే చాలనిపించిన సబ్జెక్టులే. ఆ పుస్తకాలు అమ్మేయకుండా ఉంటే బయటికి తియ్యి.