సంఘం తరఫున నెలనెలా బియ్యం పంచాలనుకునేవాళ్ళకు: బియ్యం వద్దు, కాయితాలు చూడండి

హనుమకొండ పక్క ఊళ్ళో 80 కుటుంబాల క్రైస్తవ సంఘం ఉందని, ఆరాధన అయ్యాక నెలకోసారి పేదలకు బియ్యం పంచాలనుకుంటున్నామని, ఎట్లా మొదలుపెట్టాలో, ఎంత ఖర్చవుతుందో చెప్పమని మీరు అడిగారు.

బియ్యంతో మాత్రం మొదలుపెట్టకండి. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్న ఇంటికి రేషన్ దుకాణంలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. బజార్లో బస్తా 26 కిలోలు. (25 కిలోల దాకా ఉన్న ప్యాకింగు మీద 2022 జూలైలో 5 శాతం జీఎస్టీ పడ్డాక మిల్లులవాళ్ళు ఒక కిలో పెంచి పన్ను దాటేశారు, ఆ 26 అట్లా వచ్చిందే.) అంటే మీరు ఇవ్వబోయే బస్తా ఆ ఇంట్లో ఇప్పటికే ఉంది. రేషన్‌లో దొడ్డు బియ్యం వచ్చిన రోజుల్లో చర్చి సన్నబియ్యానికి విలువ ఉండేది. ఇప్పుడు ఆ సంచి నేరుగా కిరాణా కొట్టుకు పోతుంది. తప్పు తీసుకున్నవాళ్ళది కాదు, వాళ్ళకు కావలసింది నూనె.

నలుగురికి నెల సరుకులంటే కందిపప్పు 2 కిలోలు, నూనె 2 లీటర్లు, చింతపండు అర కిలో, కారం పావు కిలో, ఉప్పు, పసుపు, బట్టల సబ్బులు నాలుగు. హోల్‌సేల్‌లో తెస్తే ఇంటికి 700 నుంచి 800 రూపాయల మధ్య తేలుతుంది. 12 ఇళ్ళకు 750 చొప్పున 9,000. మీ 80 కుటుంబాల మీద పంచితే ఇంటికి 112 రూపాయలు పడుతుంది. ఇది మోయగల బరువే. యాభై ఇళ్ళకు ఇస్తామని క్రిస్మస్ నాడు మైకులో ప్రకటించి, ఫిబ్రవరికి చేతులెత్తేసే సంఘాలే ఎక్కువ. మొదలుపెట్టి ఆపడం కన్నా మొదలుపెట్టకపోవడమే నయం, ఎందుకంటే ఆ నెల అప్పు తెచ్చుకోవాల్సిన మనిషి మీ మీద భరోసాతో తెచ్చుకోకుండా ఆగుతుంది.

ఈ డబ్బు మామూలు కానుకలో కలపకండి. కలిపారా, అది కొత్త సౌండు మిక్సరుకో కీబోర్డుకో పోతుంది. నాలుగు గోడల మధ్య ఎనభై కుటుంబాలకు అంత పెద్ద సౌండు బాక్సులెందుకో ఎవరూ అడగరు. మొదటి ఆదివారం ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) రోజున పేదల కానుక అని వేరే సంచి తిప్పండి. ముగ్గురు కలిసి, జనం ఇంకా గుడిలో ఉండగానే లెక్కపెట్టి, పుస్తకంలో రాసి సంతకాలు చేయాలి. మొత్తాన్ని వచ్చే వారం బోర్డు మీద పెట్టాలి. ఇచ్చినవాళ్ళ పేర్లు పెట్టొద్దు.

స్త్రీలు వంటప్పుడు తీసిపెట్టే పిడికెడు బియ్యం అలవాటు ఉంటే దాన్ని మాన్పించకండి. అది ఆరాధనలో భాగం, పేదరాలు కూడా ఇవ్వగలిగే కానుక. కానీ అన్ని ఇళ్ళ బియ్యం ఒకే డబ్బాలో పోస్తే ఎందుకూ కొరగావు. సన్నబియ్యం ముద్దయ్యేసరికి దొడ్డు బియ్యం ఇంకా పలుకు మీదే ఉంటుంది. దొడ్డు ఒకటి, సన్నం ఒకటి, రెండు డబ్బాలు పెట్టండి. నేల మీద కాకుండా చెక్కల మీద ఉంచి, ఎండిన వేపాకు వేయండి, వానాకాలంలో నెల దాటనివ్వకండి. సన్నం వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్ళకు అన్నం వండడానికి పనికొస్తుంది. వందమందికి 12 కిలోలు, పప్పుచారుకు 4 కిలోల కందిపప్పు పెట్టుకోండి, వండిన నాలుగు గంటల్లోపు వడ్డించేయాలి. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళకు రాత్రి భోజనమే కష్టం, కాబట్టి మధ్యాహ్నం కన్నా సాయంత్రం వెళ్ళండి. మిగిలిన దొడ్డు, కలగలుపు బియ్యం గిర్నీలో పట్టిస్తే సర్వపిండికి బాగుంటాయి. ఎవరైనా వ్యాపారి తక్కువ ధరకు రేషన్ బియ్యం బస్తాలు దించుతానంటే మాత్రం గేటు దగ్గరే ఆపండి. పుణ్యానికి కొన్నా నిత్యావసర సరుకుల చట్టం కిందే కేసు.

2023 జూలై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినట్టు ఊరు ఊరంతా మునిగితే ఈ లెక్కలేవీ పనిచేయవు. అప్పుడు ముందు వండిన అన్నం, నీళ్ళు, ఆ తర్వాత గిన్నెలు, బకెట్లు, పొయ్యి. పాత చీరల మూటలు ఎవరూ అడగరు, అయినా అవే ముందు చేరతాయి.

ఇక అసలు సంగతి. మీ సంఘంలో పేదరికం ఒక్కరోజులో పుట్టే చోటు చావు జరిగిన ఇల్లు. కూలికి పోయే మనిషి నలభై ఏళ్ళకే పోయాడనుకోండి. సంఘం వస్తుంది, ఫ్రీజర్ బాక్సు తెస్తుంది, సమాధుల తోటలో గుంత తీయిస్తుంది, ఆదరణ కూటం (చావు ఇంటివాళ్ళను ఓదార్చే ప్రార్థన) పెట్టి పాటలు పాడి, అన్నం పెట్టి వెళ్ళిపోతుంది. భార్యకు అసలు కష్టం కూటం అయిన మరునాటి నుంచే మొదలవుతుంది. ఆ కూటంలోనే ఒక ఫైలు పట్టుకుని ఒక మనిషి కూర్చోవాలి.

ముందు చూడాల్సింది మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లోపు నమోదైతే రుసుం ఉండదు, తర్వాత ఆలస్య రుసుం, అనుమతులు మొదలవుతాయి. మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదు చేయాలి. పరకాల దగ్గరి మనిషి ఎంజీఎంలో పోతే ఆ నమోదు వరంగల్ నగరపాలక సంస్థలో ఉంటుంది, సొంత ఊరి పంచాయతీ కార్యదర్శి చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా దొరకదు. రెండో చిక్కు పేరు. సంఘంలో యోహాను, ఆధార్‌లో యాదయ్య. ఆసుపత్రిలో అడిగినప్పుడు ఏడుస్తున్న తమ్ముడు బాప్తిస్మం పేరే చెప్తాడు. ఆ ఒక్క మాట సరిచేయడానికి నెలలు పడుతుంది. అందుకే మనిషిని ఆసుపత్రిలో చేర్చే రోజే ఆధార్ జిరాక్సు చేతిలో పెట్టండి.

పత్రం చేతికొచ్చాక వితంతు పింఛను, నెలకు 2,016. చనిపోయినవాడు 18 నుంచి 59 ఏళ్ళ మధ్యవాడై, ఇల్లు అతని సంపాదన మీదే నడిచి, దారిద్ర్యరేఖకు దిగువన ఉంటే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20,000. పట్టాదారు పాసు పుస్తకం ఉన్న రైతైతే రైతు బీమా 5 లక్షలు. ఆ తర్వాత బ్యాంకు పాసు పుస్తకం తీసి మే నెల వరుసలు చూడండి. 436 రూపాయలు కోత పడి ఉంటే 2 లక్షల జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టు. 20 రూపాయలు పడి ఉంటే ప్రమాద బీమా. ఖాతా తెరిచిన రోజు బ్యాంకులో సంతకం పెట్టించుకుని ఉంటారు, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ 436 రూపాయల వరుస దొరికిన ఇంటికి మీ సరుకుల సంచి ఇరవై ఏళ్ళు ఇచ్చినా అంత రాదు. దరఖాస్తు మీసేవలోనో ఎంపీడీఓ ఆఫీసులోనో ఆగితే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంది. అక్కడికి ఆమెను ఒంటరిగా పంపొద్దు.

ఈ పని పాస్టరు గారికి అప్పగించకండి. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అయితే అయ్యగారికి బదిలీ అవుతుంది, ఫైలు ఎక్కడుందో వచ్చే అయ్యగారికి తెలియదు. స్వతంత్ర సంఘమైతే అన్నీ ఒక్క చేతిలోకి పోతాయి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు చేసే పంపకం మీద సణుగుడు వచ్చినప్పుడు వేరే ఏడుగురిని పెట్టింది ఇందుకే. రిటైరైన టీచరు గానీ పాత వీఆర్వో గానీ మీ సంఘంలో ఉంటే ఆయనే సరైన మనిషి.

ఫొటోల గురించి గట్టిగా చెప్పాలి. షెడ్యూల్డు కులం నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళను ఇక్కడ బీసీ-సీలో లెక్కిస్తారు, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూలంగా ఎస్సీ హోదా వర్తించదు. సిలువ కింద సంచి పట్టుకున్న తల్లి ఫొటో ఫేస్‌బుక్‌లోకి ఎక్కితే రేపు కొడుకు కుల పత్రం దగ్గర ప్రశ్నై కూర్చుంటుంది. ఆ ఇంటివాళ్ళు సంఘం సభ్యులే కాకపోయినా అంతే. అందుకే నిజంగా అవసరమున్న ఇళ్ళు మీ వరుసలోకి రావు. వరుసే పెట్టకండి. స్త్రీల సమాజం ఇళ్ళ ప్రార్థనలకు తిరిగేటప్పుడు సంచి తీసుకెళ్ళి ఇస్తే చాలు. జాబితాలో సగం ఇళ్ళు చర్చికి రానివాళ్ళవి ఉండాలి, ఇచ్చాక రమ్మని పిలవకూడదు. కార్డు లేని ఇటుక బట్టీ కూలీలు, వేలిముద్ర పడక రేషన్ తెచ్చుకోలేని ముసలమ్మలు ఆ సగంలోకి వస్తారు. ముసలమ్మకు మీరు బియ్యం ఇవ్వక్కర్లేదు, దుకాణం దాకా తోడు వెళ్ళి వేలిముద్రకు బదులు ఐరిస్ (కంటి గుర్తు) పెట్టించండి. ఒడిశా కూలీల దగ్గర వాళ్ళ ఊరి కార్డు ఉంటే ఇక్కడి దుకాణంలోనే బియ్యం తీసుకోవచ్చని చాలామందికి చెప్పే దిక్కు లేదు.

డబ్బు విషయంలో చివరి మాట. అమెరికాలో ఉన్న మీ పిల్లలు ఇంకా భారత పౌరులే అయితే, సొంత జీతంలోంచి పంపింది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే మాత్రం విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి కావాలి, ఆ డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. విరాళమిచ్చినవాళ్ళకు దొరికే ఆదాయపు పన్ను రాయితీ, ఆరాధన కోసం పెట్టుకున్న సంస్థకిస్తే రాదు, సేవకు వేరే సంస్థ (సొసైటీ అయితే కనీసం ఏడుగురు) కావాలి. 12 ఇళ్ళ పనికి ఇవేవీ అవసరం లేదు. మొదటి ఏడాది సంఘం పద్దులోనే వేరే ఖాతా పుస్తకం పెట్టి నడిపించండి.