టీచర్ ట్రైనింగ్‌లో ఆదివాసీ సంస్కృతి మీద ఒక పేపర్ పెడితే సరిపోదా?

సరిపోదు. ఆ పేపర్‌లో ఏముండాలో తేల్చేది ఎవరన్నదే అసలు ప్రశ్న. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 1974లో మొదలుపెట్టిన నైటెప్ చూడండి. ఆదివాసీలను టీచర్లుగా తయారుచేసే డిగ్రీ అది. తొలి ఏళ్ల చదువు వాళ్ల ఊళ్లకు దగ్గరలోని కేంద్రాల్లోనే, ఆ తర్వాతే వాంకూవర్ క్యాంపస్. చదువు కోసం ఇంటినీ పెద్దలనూ ఒక్కసారిగా వదిలి రానక్కర్లేదు. రెసిడెన్షియల్ స్కూళ్ల పేరుతో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి లాక్కుపోయి, సొంత భాష మాట్లాడితే కొట్టిన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

నైటెప్‌కు డైరెక్టర్‌గా చేసిన వెర్నా కర్క్‌నెస్ కెనడాలోని క్రీ అనే ఆదివాసీ జాతి మహిళ. 1991లో రే బార్న్‌హార్ట్‌తో కలిసి రాసిన వ్యాసంలో, ఆదివాసీ విద్యార్థులకు విశ్వవిద్యాలయం ఎలా ఉండాలో నాలుగు మాటల్లో చెప్పారు: గౌరవం, బతుకుతో సంబంధం, ఇచ్చిపుచ్చుకోవడం, బాధ్యత. నాకు మూడోదే గట్టిగా తగులుతుంది. నేర్చుకోవాల్సింది విద్యార్థి ఒక్కరే కాదు, విశ్వవిద్యాలయం కూడా.