పాఠకుల ప్రశ్నలు: జూన్‌లో బడికి వెళ్లబోయే పిల్లలు

ప్రశ్న: మాది ఖమ్మం. ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రుల పిల్లలను నాలుగేళ్లుగా మా ఇంట్లోనే పగలంతా చూసుకుంటున్నాను. ఇప్పుడు ఏడాదిన్నర పాప మొదలుకొని ఆరేళ్లు నిండబోతున్న అమ్మాయి వరకు ఐదుగురు ఉన్నారు. జూన్‌లో ఆ అమ్మాయి ఒకటో తరగతిలోనూ, నాలుగేళ్ల బాబు ఎల్‌కేజీలోనూ చేరతారు. బడిలో చేర్చుకునే ముందు పరీక్ష పెడతారేమోనని ఇద్దరి తల్లిదండ్రులూ అక్షరాలు, అంకెలు రాయించమంటున్నారు. బాబు పెన్సిలును పిడికిలితో పట్టుకుంటాడు, రెండు గీతలు గీయగానే ఏడుస్తాడు. నేను ఇంటర్ వరకే చదివాను, టీచరు శిక్షణ లేదు. నా వల్ల పిల్లలు వెనుకబడతారేమోనని దిగులుగా ఉంది.

జవాబు: బాబు చేత పెన్సిలు పట్టించడం ఈ రోజే ఆపేయండి. మణికట్టులోని చిన్న ఎముకలు ఆ వయసుకు ఇంకా పూర్తిగా గట్టిపడవు, వేళ్లు విడివిడిగా కదిలే నేర్పు కూడా అప్పుడప్పుడే వస్తుంటుంది. అలాంటి చేతికి గీతల మీద గీతలు దిద్దించితే పిల్లవాడికి అక్షరం కన్నా ముందు అక్షరమంటే భయం అలవాటవుతుంది. ఆ చేతికి కావలసిన సాధన మీ వంటింట్లోనే ఉంది. చిక్కుడుకాయల ఈనెలు తీయించండి, వేరుశనగకాయలు వలిపించండి, చపాతీ పిండిలో చిన్న ముద్ద ఇచ్చి పిసకమనండి, బట్టలు ఆరేసేటప్పుడు క్లిప్పులు పెట్టమనండి. అయితే వేరుశనగ గింజలు, పూసలు, బటన్లు ఏడాదిన్నర పాపకు అందితే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి, అటువంటి పనులు ఆ పాప నిద్రపోయే వేళకే పెట్టుకోండి. కొన్ని వారాల తర్వాత పలకను గోడకు ఆనించి, అంగుళం మించని బలపం ముక్క ఇవ్వండి. అంత చిన్న ముక్క పిడికిలిలో నిలవదు కాబట్టి వేళ్లతో పట్టుకోక తప్పదు. సున్నాలు, నిలువు గీతలు, ముగ్గు చుక్కలు ఏవి గీసినా సరే, అక్షరమే కావాలని అడగకండి.

అమ్మాయి విషయానికి వస్తే, ఆమెకు ముందుగా పదంలోని ధ్వనులు వినిపించాలి. ఈ పనిలో మన లిపి మీకు ఎంతో సాయం చేస్తుంది, ఎందుకంటే తెలుగులో మనం పలికే ముక్కకూ రాసే ముక్కకూ చాలావరకు పొంతన ఉంటుంది. ‘పలక’ అంటూ మూడు చప్పట్లు, ‘బండి’ అంటూ రెండు చప్పట్లు కొట్టించండి. ‘ప’తో మొదలయ్యే వస్తువులు ఇంట్లో ఎన్ని ఉన్నాయో వెతికించండి. పాలు, పీట, పువ్వు, పెట్టె అంటూ వాళ్లే తెస్తారు. ఈ ఆట బాగా వచ్చిన పిల్లలకు గుణింతం కొత్తగా అనిపించదు. అంకెలకు వేరే పాఠం అక్కర్లేదు. అయిదుగురికి అయిదు కంచాలు వేయించి, ఒకరు రాని రోజు ఎన్ని వేయాలో అడిగితే చాలు.

ఇంగ్లీషు మీడియం బడిలో చేరతారని తల్లిదండ్రులు అంటే, దాహం వేస్తోందని, బాత్రూమ్‌కు వెళ్లాలని, కడుపు నొప్పిగా ఉందని చెప్పే వాక్యాలు ఇంగ్లీషులో నేర్పండి. మిగతా మాటలూ కథలూ ఇంటి భాషలోనే సాగనివ్వండి. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల చదువు ఎలా ఉండాలో చెప్పే, 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఎనిమిదేళ్ల వరకు ఇంటి భాషలోనే బోధన సాగాలని చెబుతోంది.

పరీక్ష గురించి తల్లిదండ్రులకు ధైర్యంగా చెప్పండి. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లలనైనా తల్లిదండ్రులనైనా పరీక్షలు పెట్టి వడపోయడాన్ని 2009 విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ నిషేధించింది. అతిక్రమిస్తే మొదటిసారి రూ.25,000 వరకు, ఆ తర్వాత ప్రతిసారీ రూ.50,000 వరకు జరిమానా ఉంది. పైగా ఒకటో తరగతి పిల్లలకు మొదటి మూడు నెలలు ఆటపాటలతోనే గడవాలన్నది 2021లో మొదలైన ‘విద్యాప్రవేశ్’ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఉద్దేశం. కాబట్టి చదవడం, రాయడం అన్నీ ఇంట్లోనే పూర్తిచేసి పంపవలసిన అవసరం లేదు.

మొదటి నెలలో బడిలో పిల్లలు ఏడ్చేది ఎక్కువగా అక్షరాల కోసం కాదు, మూత రాని టిఫిన్ డబ్బా దగ్గర, పైకి లాక్కోవడం రాని నిక్కరు దగ్గర. అందుకే ఏప్రిల్ నుంచే వారానికి రెండు రోజులు అందరికీ డబ్బాల్లోనే భోజనం పెట్టండి. మూత తీయడం, తినడం, డబ్బా మళ్లీ సంచిలో పెట్టుకోవడం వాళ్లే చేయాలి, ఎంత ఆలస్యమైనా మీరు చేయి పెట్టకండి. మధ్యాహ్నం నిద్రను మే నెలలో కొద్దికొద్దిగా తగ్గించండి. ఇంకొక పని మీరు తప్ప ఎవరూ చేయలేరు. ఒక్కొక్క బిడ్డ గురించి ఒక కాగితం రాసి, తల్లిదండ్రుల అనుమతితో కొత్త టీచరుకు పంపండి. దేనికి భయపడతాడు, ఎలా ఓదారిస్తే ఊరుకుంటాడు, ఏ మాటను ఏ అర్థంలో వాడతాడు అన్నవి నాలుగేళ్లు పగలంతా చూసిన మీకు తెలిసినంతగా ఏ శిక్షణా చెప్పలేదు.

ప్రశ్న: కోడలు ఉద్యోగానికి వెళ్తే నాలుగేళ్ల మనవణ్ణి నేనే చూసుకుంటున్నాను. రెండు మాటలు కలిపి మాట్లాడడు. వెనుక నుంచి పిలిస్తే ఒక్కోసారి పలకడు. బడిలో వేస్తే మాటలు అవే వస్తాయని అందరూ అంటున్నారు.

జవాబు: అమ్మా, బడి తెరిచే వరకు ఆగవద్దు. నాలుగేళ్లకు చిన్న వాక్యాలు రావాలి. మీరు చెప్పిన రెండు లక్షణాలూ కలిసి ఉన్నప్పుడు ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవి లోపల నీరు చేరి వినికిడి మందగించడం సాధారణమే, దానికి వైద్యమూ ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. మీ దగ్గరి అంగన్‌వాడీ టీచరును అడిగితే వైద్య బృందం ఎప్పుడు వస్తుందో చెబుతారు. వెళ్లేటప్పుడు బాబు ఇప్పటివరకు పలికిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి.