గ్రూప్ నడపడం గురించి మీరడిగినవి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు సపోర్ట్ గ్రూపుల మీదే ఉన్నాయి, రాసినవాళ్ళు కూడా ఎక్కువమంది సోషల్ వర్క్ చదువుతున్నవాళ్ళు లేదా కొత్తగా ఫీల్డ్‌లోకి వచ్చినవాళ్ళే. అందుకే మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: నేను ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) సెకండియర్. ఫీల్డ్‌వర్క్‌లో భాగంగా, డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) ఉన్న పెద్దవాళ్ళని ఇంట్లో చూసుకునేవాళ్ళ కోసం ఒక సపోర్ట్ గ్రూప్ నడుపుతున్నా, మొత్తం ఎనిమిది మంది. నేను ఏదైనా అడిగితే ఒకరు చెప్తారు, దానికి నేను ఏదో అంటాను, మళ్ళీ అందరూ నావైపే చూస్తూ కూర్చుంటారు. గంటన్నర అయ్యేసరికి నా గొంతు పోతోంది. నాకు మాట్లాడించడం రావట్లేదా?

జవాబు: మాట్లాడించడం మీకు బానే వచ్చండీ, వాళ్ళు మీతో మాట్లాడుతూనే ఉన్నారు కదా. ఇంకా మొదలవ్వంది వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడం. ఇప్పుడు మీ గదిలో జరుగుతోంది ఎనిమిది మందికి వరసగా కౌన్సెలింగ్, ఒకరికి అవుతుంటే మిగతా ఏడుగురూ తమ వంతు కోసం కూర్చున్నారు. కొత్తవాళ్ళలో ఇది చాలా ఎక్కువ, ఎందుకంటే క్లాసులో మనకి ముందు నేర్పేది కేస్‌వర్క్, ఎదురుగా ఒక్క మనిషిని కూర్చోబెట్టుకుని వినడం, ఆ అలవాటునే గ్రూపులోకి కూడా తెచ్చేస్తాం.

గ్రూప్‌వర్క్ గురించి 1961లో విలియం ష్వార్ట్జ్ అనే అమెరికన్ సోషల్ వర్క్ ప్రొఫెసర్ చెప్పిన విషయం ఒకటుంది, నా ఉద్దేశంలో మొత్తం పనికి అదే ఆయువుపట్టు. ఒకే రకం సమస్య ఉండి, ఒకరి అవసరం ఒకరికి ఉన్న మనుషులు కలిస్తే అది గ్రూప్ అవుతుంది, అందులో సాయం చేసేది వర్కర్ ఒక్కరే కాదు, ప్రతి మెంబరూ ఇంకొకరికి సాయం చేస్తారు అన్నాడాయన. మ్యూచువల్ ఎయిడ్ అని మీ సిలబస్‌లో ఉండేది ఇదే. అంతకుముందు 1905లోనే బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టర్ శానటోరియంకి (టీబీవాళ్ళని ఉంచి చూసే ఆసుపత్రికి) వెళ్ళే స్తోమత లేని టీబీ పేషెంట్లని వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టి, ఇంట్లో ఎలా ఉండాలి, ఎంత రెస్ట్ తీసుకోవాలి అని క్లాసులా చెప్పేవాడు. ఆయన మొదలుపెట్టింది జాగ్రత్తలు చెప్పడానికే, కానీ ఒకే జబ్బు ఉన్నవాళ్ళు పక్కపక్కన కూర్చుని ఒకళ్ళకొకళ్ళు ధైర్యం ఇచ్చుకోవడం కూడా వాళ్ళకి మందులా పనిచేస్తోందని గమనించాడు.

ఇప్పుడు మీ గదిలోకి వద్దాం. ఒకావిడ తల వంచుకుని "నిన్న రాత్రి నాన్న మీద అరిచేశానండి, అడిగిందే పదిసార్లు అడుగుతుంటే ఆగలేకపోయా" అని మీవైపు చూస్తుంది. మీ నోటి చివర "పర్లేదండీ, అది సహజం" అనే మాట రెడీగా ఉంటుంది. దాన్ని ఆపండి. ఆవిడ చెప్పింది విన్నట్టు తలూపి, చూపు ఆవిడ మీద నుంచి తీసి మిగతావాళ్ళ ముఖాల మీదికి మెల్లగా తిప్పండి. ఎవరో ఒకరు కళ్ళు దించుకుంటారు, ఇంకొకరు కుర్చీలో కాస్త ముందుకి జరుగుతారు. ఆ ముందుకి జరిగిన మనిషిని చూసి "ఆవిడ మాట వింటుంటే మీకేదో గుర్తొచ్చినట్టుంది" అనండి చాలు, తర్వాత ఆగండి. ఐదారు సెకన్లు ఎవరూ మాట్లాడరు, ఆ కాసేపు మీకు చాలా ఇబ్బందిగా ఉంటుంది, అయినా దాన్ని మీరు పూడ్చొద్దు. ఆ మనిషి "నేనైతే చెయ్యి కూడా ఎత్తబోయాను" అని మీకు చెప్పడం మొదలుపెడితే, "ఆవిడకే చెప్పండి" అని చేత్తో అటు చూపించండి. మీరు వందసార్లు "అందరికీ ఉంటుంది" అని చెప్పినా రాని ఉపశమనం, అదే పని చేసిన ఇంకో మనిషి నోటి నుంచి వింటే వస్తుంది. గ్రూప్ థెరపీ మీద చాలా పనిచేసిన ఇర్విన్ యాలొమ్ కూడా గ్రూపులో మనుషులు ఎందుకు బాగుపడతారో కారణాలు చెప్తూ, ఇది నా ఒక్కదానికే కాదు అని తెలియడాన్ని వాటిలో ఒకటిగా లెక్కపెట్టాడు.

ఇంకో చిన్న విషయం, కుర్చీలు గుండ్రంగా వేసినా మీ ఒళ్ళో ఫైలూ పెన్నూ ఉంటే అందరూ అటే చూస్తారు. నోట్స్ మీటింగ్ అయ్యాక రాసుకోండి.

ప్రశ్న: తాగుడు మానేసినవాళ్ళ గ్రూప్ నాది. రెండు వారాలు అందరూ బుద్ధిగా ఉన్నారు, మూడో వారం ఒకాయన "మేడం, మీరెప్పుడైనా తాగారా? మరి మాకేం చెప్తారు?" అని అందరి ముందూ అన్నాడు. నాకు మాట రాలేదు. గ్రూప్ చెయ్యిదాటిపోతోందా?

జవాబు: లేదండి, గ్రూప్ ఇప్పుడే అసలు పనిలోకి దిగుతోంది. 1965లో బ్రూస్ టక్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ చిన్న గ్రూపుల మీద అప్పటిదాకా వచ్చిన రీసెర్చ్ అంతా చూసి, మొదట మర్యాదగా ఉండే దశ అయ్యాక తిరగబడే దశ వస్తుందని రాశాడు, దాన్నే స్టార్మింగ్ అంటారు. అదే ఏడాది గార్లండ్, జోన్స్, కొలోడ్నీ అనే ముగ్గురు సోషల్ గ్రూప్‌వర్క్ వైపు నుంచి పవర్ అండ్ కంట్రోల్ అనే దశ గురించి రాశారు, అంటే ఇక్కడ పెత్తనం ఎవరిదో తేల్చుకునే దశ. ఈ రెండు వరసల్లోనూ ఇది రెండో దశే. దశలు ప్రతి గ్రూపులోనూ పుస్తకంలో ఉన్న వరసలో రావు, ముఖ్యంగా వారంవారం కొత్తవాళ్ళు చేరే ఓపెన్ గ్రూప్ అయితే వెనక్కీ ముందుకీ పోతుంటుంది, కానీ ఈ ఘట్టం దాదాపు అన్నిటికీ ఉంటుంది.

ఆయన అడిగినదాని వెనకున్న అసలు భయం, మా బాధ ఈవిడకి అర్థమవుతుందా లేక మమ్మల్ని చిన్నచూపు చూస్తుందా అని. కాబట్టి మీ డిగ్రీ, ట్రైనింగ్ గురించి చెప్పుకోవద్దు, కోపం కూడా వద్దు. "లేదండి, నేను తాగలేదు. తాగనిదానికి ఇదంతా ఎలా అర్థమవుతుందని మీకు అనుమానం వచ్చింది, రావడం న్యాయమే. నాకు ఏది అర్థం కాదనుకుంటున్నారో అది చెప్పండి" అనండి. ఆ తర్వాత "ఇంకెవరికైనా ఇలాగే అనిపిస్తోందా" అని అడగండి, లేకపోతే పాపం ఆయనొక్కడే అందరి తరఫునా చెడ్డవాడైపోతాడు. నిజానికి ఆయన ధైర్యం చేసి అడిగింది మిగతావాళ్ళు మనసులో పెట్టుకున్నదే.

ఒక్కచోట మాత్రం మెత్తగా ఉండకండి. మీ మీద కాకుండా పక్క మెంబరు మీదికి, వాళ్ళ కులం, శరీరం, ఇంటివాళ్ళ మీదికి మాట వెళ్తే అక్కడికక్కడే ఆపాలి, స్వేచ్ఛగా మాట్లాడుకోనిద్దాం అని చూస్తూ కూర్చుంటే ఆ మాట పడ్డ మనిషి మళ్ళీ రాదు.

ప్రశ్న: మా గ్రూపులో ఒకావిడ మొదలుపెడితే ఆపదు, ఇంకో అమ్మాయి అసలు నోరు మెదపదు. ఇద్దరితోనూ ఏం చేయాలి?

జవాబు: ఎక్కువ మాట్లాడే ఆవిడ మాట మధ్యలో ఆపడం తప్పేం కాదు, "అక్కా, ఒక్క నిమిషం, మీరు చెప్పినదాంట్లో అత్తగారి విషయం పట్టుకుందాం, ఇది ఇంకెవరింట్లో ఉంది" అని ఆవిడ మాటనే గ్రూపుకి ఇవ్వండి. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్ళకి నోరు విప్పే పని తప్పుతోంది, అందుకే వాళ్ళూ ఊరుకుంటున్నారు, అది కూడా గమనించండి. మాట్లాడని అమ్మాయిని పేరు పెట్టి నిలదీయొద్దు. మొదట్లో అందరూ ఒక్కో మాట చెప్పే రౌండ్ పెట్టండి, ఇష్టం లేకపోతే పాస్ అనొచ్చని ముందే చెప్పండి. ఆ అమ్మాయి ప్రతివారం టైంకి వస్తోందంటే తనకి ఇక్కడ ఏదో దొరుకుతోందనే అర్థం.

ప్రశ్న: గ్రూపులో చెప్పిన విషయం బయటికి పొక్కింది. చెప్పినావిడ రావడం మానేసింది. నేను మొదటిరోజే ఏదీ బయటికి పోదని మాటిచ్చాను.

జవాబు: ఆ మాట మనం ఇవ్వగలిగేది కాదండి, ఇది కాస్త కటువుగా ఉన్నా చెప్పాలి. మనకి ప్రొఫెషన్ నియమాలున్నాయి, మెంబర్లకి లేవు. ఇవ్వగలిగింది ఇంతే: "నేను బయట చెప్పను, ఎవరైనా తనకి గానీ ఇంకొకరికి గానీ హాని చేసుకునే పరిస్థితి ఉన్నా, పిల్లలకి ప్రమాదం ఉన్నా మాత్రం నేను ఊరుకోలేను, మీరంతా కూడా బయట చెప్పబోమని ఒప్పుకోవాలి, అయినా వంద శాతం గ్యారంటీ లేదు, కాబట్టి ఎంత చెప్పాలో మీరే చూసుకోండి." ఇంటికెళ్ళి "నేను ఇవాళ ఇది నేర్చుకున్నా" అని చెప్పొచ్చు, ఇంకొకరి పేరు, ఇంకొకరి కథ చెప్పకూడదు, అని గీత ఎక్కడుందో కూడా చూపించాలి.

ఇప్పుడు ముందు ఆవిడ దగ్గరికి మీరే వెళ్ళండి. సారీ చెప్పండి, ఆవిడకి ఏం కావాలో కనుక్కోండి, ఆవిడ సరేనంటేనే గ్రూపులో ఆ విషయం ఎత్తండి. ఎవరు చెప్పారని సీఐడీ పని మొదలుపెట్టొద్దు, దాంతో అందరూ బిగుసుకుపోతారు. నమ్మకం పోయినప్పుడు మనకి ఎలా ఉంటుంది, మళ్ళీ కూర్చోవాలంటే ఏం కావాలి, దాని మీద ఒక పూట మొత్తం పోయినా పర్లేదు. మీ సూపర్‌వైజర్‌కి కూడా ఇవాళే చెప్పండి.

ప్రశ్న: పన్నెండు వారాల గ్రూప్ అయిపోవస్తోంది, ఇంకో నెల పొడిగించమంటున్నారు. పొడిగించనా?

జవాబు: వద్దనే అంటాను. ముగింపు కూడా పనిలో భాగమే, టక్‌మన్ కూడా 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి తన దశలకి విడిపోయే దశని కలిపాడు. ఆఖరి మూడు నాలుగు వారాల ముందు నుంచే ఇంకెన్ని మీటింగులున్నాయో ప్రతిసారీ గుర్తుచేయండి, కావాలంటే వాళ్ళంతట వాళ్ళు కలుసుకోవచ్చు, ఫోన్ నంబర్లు ఇచ్చుకోవాలా వద్దా అనేది వాళ్ళనే తేల్చుకోనివ్వండి. చివరి రోజు చివరి ఐదు నిమిషాల్లో, చెప్పులు వేసుకుంటూ, ఎవరో ఒకరు అన్ని వారాలూ దాచుకున్న పెద్ద విషయం బయటపెట్టే అవకాశం చాలా ఉంది. దాన్ని మళ్ళీ గ్రూపులో తెరవడానికి ఆ రోజు టైం ఉండదు, అలాగని వదిలేయకూడదు. మిగతావాళ్ళని పంపించి, ఆ మనిషితో ఒక్కరితోనే కూర్చుని, ఎవరిని కలవాలో, ఏ రోజు కలవాలో అక్కడే ఫోన్ చేసి ఖాయం చేసి పంపండి.