చిన్నపిల్లలకు ట్యూషన్ సెంటరా, ఇంటికొచ్చే మాస్టారా?

శ్రీకాకుళం నుంచి ఒకరు అడిగారు: బాబు రెండో తరగతి, ఏడు రోడ్ల కూడలి దగ్గర ట్యూషన్ సెంటర్‌లో వేయాలా, ఇంటికి మాస్టారిని పెట్టుకోవాలా అని. మాది విజయనగరం. మా పాపతో రెండూ చేసి చూశాం, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఏడెనిమిదేళ్ల పిల్లల ట్యూషన్‌కి మనం కట్టే డబ్బులో ముప్పావు వంతు చదువుకి కాదు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా పిల్లల్ని ఎవరో ఒకరు కూర్చోబెడతారని కడతాం. పైకి అనడానికి మొహమాటం, అంతే. నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఆరున్నర. మా ఆయన రోజూ రైల్లో విశాఖ వెళ్లొస్తారు, ఇంటికొచ్చేసరికి ఎనిమిది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, పాప వెనకాల తిరగలేరు. అందుకని రెండో తరగతిలో మా వీధి చివర మేడ మీద ట్యూషన్‌లో వేశాం. నెలకి 600.

ఒకటే హాలు, ముప్పై మంది పిల్లలు. ఎల్‌కేజీ నుంచి ఐదో తరగతి దాకా అందరూ అక్కడే. ఒక సారు, సాయానికి డిగ్రీ చదివే అమ్మాయి. హోంవర్క్ రోజూ పూర్తయి వచ్చేది. నోటుపుస్తకం తిరగేస్తే అన్నీ ఎర్ర ఇంకు టిక్కులే. నేనూ మురిసిపోయాను.

దసరా సెలవుల నుంచి పైడితల్లమ్మ సిరిమాను దాకా మా ఊళ్లో ఎవరూ పుస్తకం పట్టరు, అది వేరే సంగతి. పండగయ్యాక ఒకరోజు వాన పట్టుకుంది. ట్యూషన్ లేదన్నారు. సరే అని నేనే దగ్గర కూర్చోబెట్టుకుని, దాని పుస్తకంలో ఉన్న లెక్కే తెల్లకాగితం మీద వేసి ఇచ్చాను. 52 లోంచి 17 తీసెయ్యమన్నాను. టకటకా 45 వేసింది. ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి ఒకటి పోతే నాలుగు. పెద్ద అంకెలోంచి చిన్నది తీసెయ్యడమే దానికి తెలిసిన తీసివేత, ఏది పైన ఉంది ఏది కింద ఉంది అన్న పట్టింపే లేదు. పుస్తకంలో మాత్రం చక్కగా 35 అని ఉంది, పక్కన టిక్కు.

"మరి ఇక్కడ 35 ఎలా వేశావే?" అన్నాను.

"సార్ బోర్డు మీద వేశారు కదమ్మా" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే ట్యూషన్ మాన్పించేశాం.

తర్వాత బ్యాంకు పరీక్షలకి చదువుకుంటున్న ఒక కుర్రాణ్ణి ఇంటికి పెట్టుకున్నాం. ఆ నెలన్నర గురించి ఎక్కువ చెప్పను. అతను వచ్చాడంటే అత్తయ్యగారు సీరియల్ సౌండు తీసేసి బొమ్మలు చూసుకోవాలి, చుట్టాలొస్తే వంటింట్లో గుసగుసలాడుకోవాలి. టీ, బిస్కెట్లు సరేసరి. పాపని రాయమని చెప్పి అతను ఫోను చూసుకునేవాడు. ఆగిపోతే పెన్సిల్ లాక్కుని తనే వేసి ఇచ్చేసేవాడు. చివరికి అన్నయ్య వచ్చేదాకా బ్యాగు జిప్పు కూడా తియ్యనని పాప మొండికేసే స్థాయికి వచ్చింది. కాబట్టి ఒకరికి ఒకరు అనగానే శ్రద్ధ దానంతటదే వచ్చేస్తుందనుకోకండి.

అప్పుడు మా ఆయన స్నేహితుడొకాయన రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మాస్టారి గురించి చెప్పారు. నెలకి 2,000, వారానికి మూడు రోజులు. మొదటి రోజు ఆయన పుస్తకం తెరవనే లేదు. అగ్గిపెట్టెలు తెమ్మన్నారు, రబ్బరు బ్యాండ్లు తెమ్మన్నారు. పదేసి పుల్లలు కట్టలు కట్టించారు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు నేల మీద పెట్టి, "ఇందులోంచి నాకు ఏడు పుల్లలియ్యి" అన్నారు.

పాప రెండు పుల్లలూ ఇచ్చి, "ఇంక లేవు తాతా" అంది.

"ఏటమ్మలూ, ఇంతింత కట్టలెట్టుకుని లేవంటావేటి?"

అది కట్టల వంక చూసింది, ఆయన వంక చూసింది. "విప్పొచ్చా?" అని అడిగింది. విప్పి, లెక్కపెట్టి, ఇంకో ఐదు ఆయన చేతిలో పెట్టింది. తర్వాత ఒక కట్ట కూడా ఇచ్చేసింది. మిగిలినవి మూడు కట్టలు, ఐదు పుల్లలు. గుమ్మం దగ్గర కొత్తిమీర తుంచుతూ చూస్తున్న నాకే అప్పుడు తట్టింది, చిన్నప్పుడు నేను కూడా ఆ 'పక్కింట్లో అప్పు' మంత్రం నమ్మకం మీదే చదివానని. బళ్లో దాన్ని బారో అని నేర్పారు. మా పాప ఆయన్ని అడిగింది కూడా: "అప్పు తెచ్చుకుంటే తిరిగిచ్చెయ్యాలి కదా తాతా, మరి ఈ పది ఎప్పుడిస్తాం?" ఆయన పగలబడి నవ్వారు. అది అప్పు కాదని, మన కట్టే మనం విప్పుకున్నామని చెప్పారు.

రెండు నెలలు దాటాక ఆయనే, "ఇంక నానెందుకమ్మా, డబ్బు దండగ" అని మానేశారు. అలాంటి మాట ఇంకెక్కడా వినలేదు.

ఇప్పుడు పాప ఎక్కడికి వెళ్తోందంటారా? మళ్లీ ఆ మేడ మీదికే. నవ్వకండి, నేనింకా ఆరున్నరకే వస్తున్నాను. అక్కడ దానికి ఇద్దరు స్నేహితురాళ్లున్నారు, దారిలో రోడ్డు దాటే పని లేదు. చదువు అక్కడ వస్తుందని నేననుకోవడం మానేశాను, అదే తేడా. ఆదివారం పొద్దున్న గంటసేపు నేనే కూర్చుని, పుస్తకంలో లేని అంకెలు వేసి ఇస్తాను. తెలుగు వాచకం పైకి చదివిస్తాను.

కాబట్టి మీకు కావలసింది సాయంత్రం కాపలా అయితే దగ్గర్లోని సెంటర్ చాలు. పిల్లాడు ఫలానా చోట ఆగిపోయాడని మీకు తెలిస్తే, ఆ ఒక్కదానికి మాస్టారిని పెట్టి, అది రాగానే ఆపెయ్యండి. ఏళ్లకేళ్లు ఇంటి మాస్టారు ఉంటే మాత్రం పిల్లలు సొంతంగా పెన్సిల్ పట్టరు.

వాళ్ల క్లాసు టీచరే ట్యూషన్‌కి పంపమంటే ఒప్పుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం బడి టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. చిన్న తరగతుల నుంచే ఐఐటీ, నీట్ లాంటి పరీక్షలకి తయారుచేస్తామనే 'ఫౌండేషన్' బోర్డు చూసి కూడా పడిపోకండి. 16 ఏళ్ల లోపు వాళ్లని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఒక్కో పిల్లాడికి కనీసం చదరపు మీటరు చోటుండాలనీ ఉంది అందులో. అయితే యాభై మంది దాటితేనే కోచింగ్ సెంటర్ లెక్క, వీధి ట్యూషన్లకి ఆ గొడవ లేదు. మా వైపు కోరుకొండ సైనిక్ స్కూలు ఉంది కదా, ఆరో తరగతి సీటు కోసం మూడో తరగతి నుంచే పిల్లల్ని తోమేస్తున్నారు. మా పక్కింటి అబ్బాయి సాయంత్రం ఆడుకోగా చూసి ఏడాదయింది.

ఇంతకీ మీరు ఏడు రోడ్ల దగ్గర సెంటర్ అన్నారు. ఫీజు సంగతి తర్వాత. సాయంత్రం ఐదింటికి ఆ కూడలిలో రెండో తరగతి పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని దాటించేది ఎవరో ముందు ఇంట్లో తేల్చుకోండి.